శనివారాల బిళ్ళలు

నిన్న సాయంత్రం మీ అమ్మ నీ చేతిలో ఒక బిళ్ళల షీటు పెట్టింది కదా, ఆదివారం మీ మావయ్య ఇంటి గృహప్రవేశం అయ్యేదాకా రోజుకి మూడు పూటలా వేసుకోమని. అది అలా బల్ల మీద పెట్టి కలం తీసుకో. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. రాయడం అయ్యాక వేసుకుంటావో మానేస్తావో నీ ఇష్టం. ఇదే రకం షీటుతో పోయినేడు మీ అక్క ఎక్కడిదాకా వెళ్ళి ఆగిందో ఈ ఇంట్లో ఎవరూ నీకు సరిగ్గా చెప్పలేదు. పెళ్ళికాని పిల్ల దగ్గర అలాంటివి మాట్లాడకూడదట. షీటు మాత్రం చేతిలో పెట్టొచ్చట.

మీ అక్క కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైన సంగతి నీకు తెలుసు. దానికోసం అది పడిన పాట్లు నువ్వు చూడలేదు, నిద్రపోయేదానివి. తెలతెలవారుతుండగా కాలవ గట్టు మీద అది పరిగెత్తేది, మీ నాన్న వెనకాల సైకిల్ తొక్కేవాడు. లాంగ్‌జంప్ కోసం మన కొబ్బరి తోటలో గోదావరి ఇసక పోయించాడు. మొదటిసారి పరుగులో పోయింది, రెండోసారి గట్టెక్కింది. ట్రైనింగ్‌కి పిలుపు రావడానికి కొన్ని నెలలు పడుతుందన్నారు. ఈలోగా రాజోలు సంబంధం కుదిరింది. అబ్బాయి మంచివాడు, రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరు. పెళ్ళిచూపుల్లోనే మీ అక్క నోరు తెరిచి ఒక్క మాట అడిగింది, ట్రైనింగ్ అయ్యేదాకా పిల్లలు వద్దని. వాళ్ళత్తగారు ఆయ్, దాందేముందండీ, మాకు మాత్రం తొందరేముందండీ అని స్వీటు తీసుకుని నోట్లో వేసుకున్నారు.

ఆ మాట ఎందుకు అడగాల్సి వచ్చిందో రాయి. కడుపుతో ఉన్న పిల్లని ఆ పరుగులకీ ఆ డ్రిల్లుకీ పంపరు. తర్వాత బ్యాచ్‌లో రమ్మంటారు. తర్వాత బ్యాచ్ వచ్చేసరికి చంటిపిల్లని ఎవరు చూస్తారంటారు. ఆ తర్వాత మొగుడు సంపాదిస్తున్నాడు కదా, ఇంకా నీకెందుకంటారు. ఎవరూ వద్దనరు, ఎవరూ తిట్టరు. ఉద్యోగం మాత్రం ఉండదు. మన వీధిలోనే అలా ఆగిపోయినవాళ్ళని నీకు చూపించగలను.

సరే, పెళ్ళి ముహూర్తం దగ్గరకొచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే దానికి నెలసరి వచ్చేలా ఉంది. పీటల మీద కూర్చోవాలి, మర్నాడు సత్యనారాయణ వ్రతం. మీ అమ్మ, మీ పిన్ని, మీ పెద్దత్త, పెళ్ళికొడుకు వైపు ఆడపడుచు, నలుగురూ కలిసి నెలసరి ఆగే బిళ్ళలు వేయించారు. ఒకరు మంచినీళ్ళు పట్టుకున్నారు, ఒకరు టైము చూశారు. పెళ్ళికూతురికి గోరింటాకు పెట్టినంత సంబరంగా బిళ్ళ వేశారు. ఇందులో ఏముంది, అందరూ వేసుకునేవే అన్నారు. బీపీ ఉందా, తలనొప్పి ఉందా, ఇదివరకు ఎప్పుడైనా పడలేదా, ఒక్కరూ అడగలేదు. మందుల షాపువాడు కూడా అడగలేదు. ఎన్ని రోజులు ఆపాలండీ అని మాత్రం అడిగాడట, చీరకి ఎన్ని గజాలండీ అన్నట్టు.

పెళ్ళయింది. అప్పుడు బయటపడింది వాళ్ళత్తగారి మొక్కు. కొడుక్కి సంబంధం కుదిరితే కొత్త దంపతుల చేత వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు చేయిస్తానని మొక్కుకున్నారట. మన వైపు ఇప్పుడు అందరూ చేస్తున్నదే. వరసగా ఏడు శనివారాలు వెళ్ళి ప్రదక్షిణలు చేసి దర్శనం చేసుకుంటే అనుకున్నది జరుగుతుందని నమ్మకం. శనివారం వచ్చిందంటే రావులపాలెం నుంచీ జనమే. నాకూ ఆ స్వామంటే భక్తే, నేనూ చేశాను. మధ్యలో ఆడవాళ్ళకి ఇబ్బంది వస్తే ఆ వారం ఆగి, పై వారం వెళ్ళి లెక్క కలుపుకుంటారు. దానికి స్వామి ఎవరినీ ఏమీ అనలేదు. కానీ ఆవిడకి అలా కుదరదు. గొలుసు తెగకూడదన్నారు. తెగితే మొక్కు చెల్లినట్టు కాదన్నారు.

అందుకని మళ్ళీ అవే బిళ్ళలు. నెలసరి శనివారం మీద పడేలా ఉంటే ముందు నుంచే మొదలుపెట్టించడం, దర్శనం అయ్యాక ఆదివారం ఆపించడం, పై శనివారానికల్లా తలస్నానం అయిపోయేలా చూడడం. కాలవలకి నీళ్ళు వదిలే ఇంజినీరు కూడా అంత జాగ్రత్తగా ప్లాను వేయడు. ఆ ప్లానంతా ఎవరి ఒంటి మీద? మీ అక్క ఒంటి మీద.

రాజోలు నుంచి వాడపల్లి వెళ్ళాలంటే దారిలోనే మన కొత్తపేట. ప్రతి శనివారం దర్శనం చేసుకుని తిరుగు దారిలో మధ్యాహ్నం భోజనానికి మనింటికి వచ్చేవారు. అయిదో శనివారం నాడు వాళ్ళత్తగారు పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నారు. మీ బావ బండి నీడలో పెట్టడానికి వెళ్ళాడు. మీ అక్క నాతో పాటు వంటింట్లో విస్తళ్ళు తుడుస్తోంది. ఆ వారమే ట్రైనింగ్‌కి పిలుపు వచ్చింది, రెండు నెలల్లో వెళ్ళాలి. ఆ సంతోషంలో ఉంది. నేను మెల్లిగా, జాగ్రత్తగానే ఉంటున్నారా అని అడిగాను.

"బిళ్ళలు వేసుకుంటున్నాను కదా మామ్మా" అంది.

ఏ బిళ్ళలే అన్నాను. హ్యాండ్‌బ్యాగులోంచి తీసి చూపించింది. ఇదుగో, ఇప్పుడు బల్ల మీద ఉన్న ఈ రకమే. నా చేతిలో ఉన్న గరిటె కింద పెట్టేశాను.

"ఇవి శనివారాల బిళ్ళలు కదే."

"అవే. నెలసరినే ఆపేస్తుంటే ఇంక కడుపెలా వస్తుంది? ఆయనకీ అదే చెప్పేను."

చూడు, డిగ్రీ చదివిన పిల్ల, పోటీ పరీక్ష రాసి నెగ్గిన పిల్ల. దాన్ని అనడానికి నాకు నోరు రాలేదు. అది అనుకున్న దాంట్లో తప్పేముంది? అదీ బిళ్ళే, ఇదీ బిళ్ళే. అదీ ఆడవాళ్ళదే, ఇదీ ఆడవాళ్ళదే. రెండింటి గురించీ గొంతు తగ్గించే మాట్లాడతారు. తేడా ఉందని దానికి ఎవరు చెప్పారు? నీళ్ళ గ్లాసు పట్టుకున్న నలుగురిలో ఒక్కరైనా చెప్పారా? వాళ్ళకి మాత్రం తెలుసా?

నాకు నిజంగా ఒళ్ళు మండింది. ఎందుకంటే ఇది నాకు కొత్త కాదు. నా తోటికోడలు, మీ పెద్దమామ్మ, ఆవిడ మూడో కాన్పు తర్వాత నర్సమ్మ వచ్చి పిల్లలు పుట్టకుండా వేసుకునే షీటు చేతిలో పెట్టి వెళ్ళింది. ఏం చేయాలో గుమ్మంలో నిలబడి రెండు ముక్కలు చెప్పింది. పక్కన మామగారు దగ్గడంతో ఈవిడ సిగ్గుపడి లోపలికి వచ్చేసింది. బావగారు లారీ మీద తిరిగేవారు, వారానికో పదిరోజులకో ఇంటికొచ్చేవారు. ఆయన వచ్చిన రోజు ఈవిడ ఒక బిళ్ళ వేసుకునేది. తలనొప్పి వస్తే వేసుకున్నట్టు, అవసరం పడ్డ రోజున. నాలుగో పిల్ల కడుపున పడింది. ఇల్లంతా ఏమన్నారు? సర్కారు బిళ్ళలు ఉత్తివే అన్నారు. చెప్పడం సరిగ్గా లేదని ఒక్కరూ అనలేదు. ఇన్నేళ్ళు గడిచాయి, ఇంటికో స్మార్ట్‌ఫోన్ వచ్చింది, ఆ రెండు ముక్కలు మాత్రం ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాయి.

రెండు రోజులు నా దగ్గరే ఉంచుకుని సోమవారం దాన్ని అమలాపురంలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వాళ్ళత్తగారు కూడా రాజోలు నుంచి నేరుగా వచ్చేశారు. ఆవిడ మనసులో విశేషం ఏదో ఉందని. మొహం చూస్తేనే తెలుస్తోంది, చేతిలో బత్తాయిపళ్ళ సంచి కూడా ఉంది.

డాక్టరుగారు అంతా విన్నారు. ముందు పరీక్ష చేయించారు. కడుపు లేదని వచ్చింది, కానీ మరీ తొందరగా చేస్తే ఒక్కోసారి తెలియకపోవచ్చట. ఈసారి ఆరో శనివారం కూడా దాటేదాకా ఆపొద్దని వాళ్ళత్తగారు అనడంతో ఇంకా వేసుకుంటున్న ఆ శనివారాల బిళ్ళలు ఆ రోజే ఆపేయమన్నారు. ఆపిన కొద్ది రోజుల్లో నెలసరి రావాలి, రాకపోతే మళ్ళీ రమ్మన్నారు. అప్పుడు మీ అక్క అడిగింది, మరి ఇన్నాళ్ళూ ఇవి కాపాడలేదా అని. ఆవిడ విసుక్కోకుండా చెప్పారు. గర్భసంచి లోపల నెలనెలా ఒక పొర తయారవుతుంది, అది ఊడి బయటికి రావడమే నెలసరి. ఈ బిళ్ళలు ఆ పొర ఊడకుండా నిలబెడతాయి, అంతే. అండం విడుదల కాకుండా చూస్తాయని వీటిని నమ్ముకోకూడదు. పైగా నెలలో కొన్ని రోజులే వేసుకుంటోంది, మిగతా రోజుల మాటేమిటి? గర్భం రాకుండా వేసుకునేవి వేరు. అవి రోజూ వేసుకుంటుంటే అసలు అండమే బయటికి రాదు. గర్భసంచి ముఖద్వారం దగ్గర ఉండే జిగురు చిక్కబడి మగవాడి బీజాన్ని లోపలికి పోనివ్వదు. లోపలి పొర కూడా పలచగా ఉండిపోతుంది.

బయటికొచ్చాక నేను మీ అక్కకి మన భాషలో చెప్పాను. వాడపల్లి వెళ్ళేదారిలో లొల్ల లాకులు చూస్తున్నావు కదే, నువ్వు వేసుకున్నది కిందికి నీళ్ళు పోకుండా లాకు తలుపు దించడం లాంటిది. కింద నీళ్ళు కనపడటం లేదు కదా అని పైన చేలో చల్లిన విత్తనం మొలవడం మానదు. డాక్టరుగారు చెప్పింది అసలు విత్తనాలే చల్లకపోవడం.

అది తర్వాత మాట. లోపల ఇంకా గొడవ అవ్వాల్సి ఉంది. డాక్టరుగారు మీ అక్కకి బీపీ చూశారు, కళ్ళు మసకలు కమ్మే తలనొప్పి ఎప్పుడైనా వస్తుందా, ఇంట్లో ఎవరికైనా కాళ్ళలో రక్తం గడ్డకట్టిందా అని అడిగారు. అన్నీ బాగున్నాయన్నాక, నెలసరి వస్తే ఆ రోజే మొదలుపెట్టమని గర్భం రాకుండా వేసుకునే షీటు రాశారు. అంతవరకూ బత్తాయిల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వాళ్ళత్తగారు కదిలారు.

"కొత్త పెళ్ళికూతురండీ. ఆ బిళ్ళలు వేడి చేస్తాయంటారండీ. గర్భసంచి ఎండిపోద్దేమోనండీ" అన్నారు.

ఎండిపోదు, మానేస్తే మళ్ళీ మామూలుగానే గర్భం వస్తుంది అని డాక్టరుగారు అంటున్నారు, నేను ఆగలేకపోయాను.

"మరి మీరు రోజుకి మూడేసి వేయించేరు కదండీ. అవి చలవ చేస్తాయాండీ?"

"అవి దేవుడి కోసమండీ, పెద్దమ్మగారూ."

"కడుపులోకెళ్ళేక బిళ్ళకేం తెలుస్తదండీ, దేవుడి కోసం వేసుకుందో ఉద్యోగం కోసం వేసుకుందో?"

డాక్టరుగారు తల దించుకుని చీటీ రాసుకున్నారు. మీ అక్క నా చెయ్యి గిల్లింది. నేను తగ్గలేదు. తల్లీ, ఇది మాత్రం బాగా రాయి. ఒక ఆడపిల్ల ఒంట్లోకి మందు వెళ్ళి నెలసరిని ఆపడం వాళ్ళకి భక్తి. అదే ఒంట్లోకి అదే పిల్ల కోరుకున్న మందు వెళ్తే పాపం, వేడి, ఎండిపోవడం. షాపులో కూడా అంతే. మొదటి రకం అడిగితే నవ్వుతూ ఇస్తారు. రెండో రకం అడిగితే పక్కన ఎవరున్నారో చూసి నల్ల కవర్లో చుట్టి ఇస్తారు. ఆ మధ్యాహ్నం మాకూ నల్ల కవర్లోనే ఇచ్చాడు. నేను దాన్ని అక్కడే విప్పి, కవరు వాడి బల్ల మీద పెట్టి, షీటు చేత్తో పట్టుకుని బస్టాండు దాకా నడిచాను.

ఇంకో సంగతి. డాక్టరుగారు రోజూ ఒకే టైముకి వేసుకోవాలి అంటే వాళ్ళత్తగారు శనివారం రాత్రి ఉపవాసం కదండీ, ఆ ఒక్క రోజూ ఎలాగండీ అన్నారు. డాక్టరుగారు నెమ్మదిగా, మీరు బీపీ మాత్ర శనివారం మానేస్తారా అండీ అని అడిగారు. వారానికో రోజు మానేస్తే ఈ బిళ్ళ మీద నమ్మకం పెట్టుకోలేమన్నారు. ఒకటి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, ఒకే రోజు రెండు వేసుకోవాల్సి వచ్చినా పర్వాలేదు. రెండు మూడు మర్చిపోతే మాత్రం మళ్ళీ ఏడు రోజులు వరసగా వేసుకునేదాకా మగవాడు కూడా జాగ్రత్త తీసుకోవాలి. వేసుకున్న కాసేపటికే వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి. షీటు చివర వరసలో రంగు వేరేగా ఉన్నవి రక్తానికి ఐరన్ బిళ్ళలు, నెలసరి ఆ రోజుల్లోనే వస్తుంది. అవి అయిన మర్నాడే కొత్త షీటు. ఆగకూడదు.

మరి ఎప్పటినుంచి పనిచేస్తుంది అని మీ అక్క రెండుసార్లు అడిగింది. నెలసరి మొదలైన అయిదు రోజుల లోపు మొదలుపెడితే ఆ రోజు నుంచే. ఇంకెప్పుడు మొదలుపెట్టినా ఏడు రోజులు ఆగాలి, ఆ ఏడు రోజులూ కండోమ్ వాడాలి. ఇదీ ఆ రెండు ముక్కలు. ఇంతే. ఇది చెప్పడానికి ఎంతసేపు పట్టింది?

ఆ రోజు దాన్ని రాజోలు పంపలేదు. నా దగ్గరే ఉంచుకున్నాను. పంపితే ఆ శనివారం కోసం మళ్ళీ ఆ షీటు చేతిలో పెడతారని నా భయం. మీ బావ ఆ సాయంత్రం వచ్చాడు. ఏం నాయనా, నువ్వు కూడా అడగలేదా అన్నాను. బిళ్ళలున్నాయని తనే చెప్పింది కదండీ మామ్మగారూ అని తల గోక్కున్నాడు. రొయ్యల మేతలో ఏం కలిసిందో సంచి వెనక చదివి గానీ చెరువులో వేయడు. పెళ్ళాం ఏం మింగుతోందో మాత్రం చదవలేదు. ఆ మాట మొహం మీదే అన్నాను. ఎదురు చెప్పలేదు, అదొక్కటీ మెచ్చుకోవాలి.

బుధవారం నెలసరి రాలేదు. గురువారం రాలేదు. పొద్దున్నే పరుగుకి వెళ్ళడం మానేసింది. ట్రైనింగ్ పిలుపు కాగితం అలమర్లో చీరల కింద పెట్టేసింది. అన్నం ముందు కూర్చుని కెలికేది. ఏదైనా వాసన వస్తే గుమ్మం పట్టుకుని ఆగిపోయేది, ఇది వాంతేనా, భయమేనా అని. శుక్రవారం నా పక్కన కూర్చుని మెల్లిగా అంది, "నేను పరిగెత్తింది దేనికి మామ్మా?" పెద్దవాళ్ళు మేమందరం కలిసి దాన్ని అలా కూర్చోబెట్టాం అనిపించింది, కోపంతో ఆ రోజు నేనూ తినలేదు.

శనివారం పొద్దున్న స్నానాల గదిలోంచి పిలిచింది. వచ్చింది. అది ఏడ్చిన ఏడుపు చూస్తే ఎవరైనా ఏదో నష్టం జరిగిందనుకుంటారు.

కాసేపటికే ఆరో శనివారానికని రాజోలు బండి వచ్చింది. వాళ్ళత్తగారు పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయలూ తులసిదండా పట్టుకుని దిగారు. మీ అక్క వీధిగదిలో విడిగా ఒక కుర్చీలో కూర్చుని ఉంది. చూడగానే ఆవిడకి అర్థమైంది. గొలుసు తెగింది. నిలబడిపోయారు పాపం. సోమవారం ఆపకుండా ఈ పొద్దుటి దాకా వేసి ఉంటే ఈ పాటికి ప్రదక్షిణల్లో ఉండేవాళ్ళం కదండీ అని నాతో అన్నారు. నేను నోరు తెరవబోయాను. మీ అక్క చెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"అత్తయ్యా, మీరూ ఆయనా వెళ్ళి రండి. నేను పై వారం వస్తాను. ఆ పై వారం కూడా వస్తాను. ఇంక ఆపే బిళ్ళలు మాత్రం వేసుకోను."

అని డాక్టరుగారు రాసిన కొత్త షీటు తీసింది. మొదటి గడిలో తెల్ల బిళ్ళ. బొండాంలోంచి గ్లాసులో పోసిన కొబ్బరినీళ్ళతో, ఆవిడ ముందరే మింగింది. మీ బావ తల్లి చేతిలోంచి కొబ్బరికాయలు తీసుకుని, పదమ్మా ఎండెక్కుతుంది అన్నాడు. గుమ్మం దాటబోతూ ఆవిడ వెనక్కి తిరిగారు.

"రోజూ ఒకే టైముకి అన్నారా, డాక్టరుగారు?"

"ఆయ్, అత్తయ్యా."

"అయితే రాత్రి భోజనాల టైము పెట్టుకో. నా బీపీ మాత్రా అప్పుడే. లేకపోతే నువ్వు మర్చిపోతావు."

ఆవిడకి పూర్తిగా నచ్చిందని కాదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే మా కోడలికి ఒంట్లో నలతండీ, అందుకే ఏదో మందు అని చెబుతారట. కానీ రోజూ రాత్రి కంచాల దగ్గర మాత్రం రెండు గ్లాసులు పెట్టారు. ఏడు శనివారాలు కాస్త వెనక్కి జరిగి పూర్తయ్యాయి, స్వామి ఏమీ అనుకోలేదు. మీ అక్క ట్రైనింగ్‌కి వెళ్ళింది. బూట్లు కరిచి మడమలు పుళ్ళు పడ్డాయని మొన్న ఫోనులో చెప్పింది. ఆ గొంతులో ఉన్న గర్వం నువ్వూ విన్నావు.

ఇంత జరిగాక, అదే ఇంట్లో, నిన్న మీ అమ్మ నీకు ఈ షీటు ఇచ్చింది. డాక్టరుని అడిగావా అంటే, ఒక్క గృహప్రవేశానికే కదండీ అత్తయ్యగారూ అంది. అందుకే నాకు రాత్రి నుంచీ అన్నం సహించడం లేదు. డాక్టరు చూసి ఇస్తే మంచి మందే, నేను కాదనను. ఎవరికి వాళ్ళు పంచిపెట్టుకోవడానికి ఇది ప్రసాదం కాదు.

రాశావా? మీ అమ్మని పిలువు. ఇది నువ్వే పైకి చదివి వినిపించు, నేను పక్కనే కూర్చుంటాను. ఆ షీటు మాత్రం బల్ల మీంచి తీయకు, చదువుతున్నంతసేపూ మీ అమ్మ కళ్ళ ముందే ఉండనీ.